తాటాకుల గుట్ట నుంచి నిఘంటువు దాకా: బ్రౌన్ దొర జీవితం



ప్రతి ఏడూ ఈ వార్షిక సంచిక పని మొదలయ్యేసరికి మా వాలంటీర్లకు ఒక తలనొప్పి కూడా మొదలవుతుంది. బడి కోసం ఇంటర్నెట్‌లో దాచుకున్న ఫోల్డరు తెరిస్తే అందులో ఆరేడు వందల ఫైళ్ళు కనిపిస్తాయి. ఒకే గుణింతాల పట్టిక ఏడు రకాలుగా ఉంటుంది. ఒకే వేమన పద్యం నాలుగు చోట్ల నాలుగు విధాలుగా ఉంటుంది. ఏది సరైనదో అక్కడ పెట్టినవారికే గుర్తు లేదు. ఇవి చాలవన్నట్టు నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో రోజూ వచ్చి పడే వీడియోలు, వ్యాసాలు, పండగ శుభాకాంక్షలు వేరే. మాలో చాలామందిమి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం కనుక దాచడం మాకు బాగా చేతనవును. తీరా ఆదివారం ఉదయం పదిన్నరకు క్లాసులో నిలబడేసరికి చేతిలో చెప్పడానికి సరైన పాఠం ఒక్కటి ఉండదు.

ఇలాంటి ఒక ఆదివారమే రెండో స్థాయి చదువుతున్న పదేళ్ళ అమ్మాయి మమ్మల్ని ఒక ప్రశ్న వేసింది. ఫోనుకి చెబితే అది ఏ భాషనైనా తెలుగులోకి మార్చేస్తోంది కదా, ఇంక మేమెందుకు కష్టపడి నేర్చుకోవాలి అని. సంస్కృతి, వారసత్వం అంటూ ఏదో చెప్పబోయాం. ఆ పిల్ల మర్యాదగా తల ఊపింది కానీ, ఆ జవాబు తనకు నచ్చలేదని ముఖంలోనే తెలిసిపోయింది. నిజం చెప్పాలంటే మాకూ నచ్చలేదు. ఆ రోజు బల్లలు సర్దుకుంటూ, వచ్చే ఏడాది పై తరగతి నడపాలా వద్దా అని కూడా మాట్లాడుకున్నాం.

ఆ తర్వాత కొన్ని వారాలకు పిల్లల్ని తీసుకుని లండన్‌లోని కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికకు వెళ్ళాం. వంతెనలు, రైలుమార్గాలు కట్టిన ఇంజనీరు బ్రునెల్ సమాధి అక్కడే ఉంది. మన పిల్లలు ఇక్కడి స్కూల్లో ఆయన గురించి చదువుకుంటారు కనుక ఉత్సాహంగా చూశారు. మేము వెళ్ళింది మాత్రం మరొకరి కోసం. తెలుగువాళ్ళు ప్రేమగా బ్రౌన్ దొర అని పిలుచుకునే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కూడా అదే నేలలో ఉన్నారు. మేము మా ఫోల్డరు ముందు కూర్చుని బిక్కమొహం వేసినట్టే, ఆయన కూడా ఒకనాడు తాటాకుల గుట్ట ముందు కూర్చున్నారు. ఆయన ఏం చేశారో తెలుసుకుంటే మాకూ ఒక దారి దొరుకుతుందేమోనన్న ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

చెన్నపట్నం చేరిన కుర్రవాడు

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యులు, అనేక భాషలు తెలిసినవారు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు భారతీయ భాషలు నేర్పడానికి పెట్టిన ఫోర్ట్ విలియం కళాశాలకు పెద్దగా పనిచేశారు. కొడుక్కి చిన్నతనంలోనే హీబ్రూ, అరబ్బీ, పారశీకం, హిందుస్తానీ వంటి భాషలు పరిచయం చేశారు. తెలుగు మాత్రం ఆ ఇంట్లో లేదు. 1812లో తండ్రి పోయారు. అప్పటికి చార్లెస్‌కు పదమూడేళ్ళు. కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. అక్కడ హెయిలీబరీ కళాశాలలో కంపెనీ కొలువుకు కావలసిన చదువు పూర్తిచేసి, 1817 ఆగస్టులో మద్రాసు చేరారు.

అప్పట్లో కొత్తగా వచ్చిన కుర్ర ఉద్యోగులు సెయింట్ జార్జి కోటకు చెందిన కళాశాలలో స్థానిక భాషలు నేర్చుకుని పరీక్ష ఇవ్వాలి. బ్రౌన్‌కు వెలగపూడి కోదండరామ పంతులుగారు తెలుగు అక్షరాలు దిద్దించారు. అంటే మన బడి పిల్లలు అయిదేళ్ళకే చేసే పని ఆయన పద్దెనిమిదేళ్ళు దాటాక మొదలుపెట్టారు. అప్పటికి తెలుగు నేర్చుకునే విదేశీయుడికి దొరికే సరంజామా చాలా తక్కువ. క్యాంబెల్ రాసిన వ్యాకరణం 1816లో వచ్చింది, ఆయనదే నిఘంటువు 1821లో గాని రాలేదు. 1820లో గవర్నరుగా వచ్చిన సర్ థామస్ మన్రో, ప్రజల భాష రాని అధికారి ప్రజలకు న్యాయం చేయలేడని నమ్మినవారు. ఆ నమ్మకం కుర్రవాడైన బ్రౌన్ మనసులో గట్టిగా నాటుకుంది.

అదే సంవత్సరం ఆగస్టులో ఆయన్ను కడపకు వేశారు. అక్కడి కలెక్టరు హాన్‌బరీ తెలుగు ధారాళంగా మాట్లాడేవారు. కచేరీ పనంతా తెలుగులో సాగేది. రైతులు అర్జీలు పట్టుకుని వచ్చి తమ గోడు తమ యాసలో చెప్పుకునేవారు. మద్రాసులో పుస్తకం పట్టుకుని నేర్చుకున్న తెలుగుకీ, కడప కచేరీ అరుగు మీద వినిపించే తెలుగుకీ ఉన్న దూరం బ్రౌన్‌కు అక్కడే తెలిసివచ్చింది. ఆ దూరాన్ని తగ్గించడానికే ఆయన తర్వాతి ముప్ఫై ఏళ్ళూ పనిచేశారని అనుకోవచ్చు.

వేమన దొరికాడు

కడప నుంచి బ్రౌన్ మచిలీపట్నం వెళ్ళారు. అక్కడ ఉండగా 1824లో, ఫ్రెంచి మతాచార్యుడు దుబాయ్ హిందువుల ఆచార వ్యవహారాల గురించి రాసిన పుస్తకం చదువుతుంటే అందులో వేమన ప్రస్తావన కనిపించింది. ఎవరీ వేమన అని వెతకడం మొదలుపెట్టారు. పద్యాలు జనం నోళ్ళలో నానుతున్నాయి కానీ, అవన్నీ ఒకచోట చేర్చిన అచ్చుపుస్తకం లేదు. దొరికిన తాటాకు ప్రతులన్నీ తెప్పించారు. తీరా చూస్తే ఏ రెండు ప్రతులూ ఒక్కలా లేవు.

పిల్లలూ, తాటాకు ప్రతి అంటే ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. ఎండబెట్టి కోసిన తాటాకు మీద గంటంతో గీసి రాస్తారు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. పద్యం ఎక్కడ ముగిసిందో, ఎక్కడ మొదలైందో చప్పున తెలియదు. పురుగు తిన్నచోట అక్షరం పోతుంది. ఆకు పాడైపోకముందే మరొకరు కూర్చుని ఎత్తి రాయాలి. రాసేవాడికి నిద్ర వస్తే ఒక పాదం జారిపోతుంది. తనకు తెలిసిన పాఠం వేరైతే ధైర్యంగా దిద్దేస్తాడు. ఇంకొకరు తాను కట్టిన పద్యాన్ని కూడా వేమన పేరు మీదే చేర్చేస్తారు. ఇలా కొన్ని తరాలు గడిచేసరికి ఒకే పద్యానికి పది రూపాలు తయారవుతాయి. మన ఫోనులో తిరిగే ఫార్వర్డు మెసేజీల తీరు కూడా దాదాపు ఇదే.

ఇంత గందరగోళం చూసినవాడికి రెండు దారులు తేలిగ్గా కనిపిస్తాయి. దొరికినదంతా మూటగట్టి ఒక మూల దాచేయడం ఒకటి. ఇది తేలే వ్యవహారం కాదని వదిలేయడం రెండోది. బ్రౌన్ మూడో దారి పట్టారు. అనేక ప్రతులు ముందు పెట్టుకుని, పండితుల సాయంతో పద్యం పద్యంగా పోల్చి చూశారు. ఏ ప్రతిలో ఏ పాఠం ఉందో రాసుకున్నారు. తనకు ఏది నిలుస్తుందనిపించిందో తేల్చుకున్నారు. ఎంచిన వాటికి ఇంగ్లీషు అనువాదం చేశారు. అలా 1829లో 693 వేమన పద్యాలు అచ్చులోకి వచ్చాయి. అంతటితో పని అయిపోయిందని ఆయన అనుకోలేదు. వెతుకులాట సాగిస్తూనే ఉండి, పదేళ్ళ తర్వాత 1839లో 1164 పద్యాలతో మరో కూర్పు తెచ్చారు. మన బడిలో మొదటి ఏడాది పిల్లలు చేతులు కట్టుకుని చెప్పే వేమన పద్యాలు పుస్తకంగా మనదాకా రావడంలో ఈ పనికి పెద్ద వాటా ఉంది.

ఈ లోపు ఆయన ఛందస్సు కూడా వదల్లేదు. పద్యం ఎలా నడుస్తుందో తెలియకపోతే తప్పు పాఠమేదో తెలియదు కదా. తిప్పాభట్ల వెంకట శివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి పండితుల దగ్గర నేర్చుకుని, 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సుల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించారు.

కడప బంగళాలో పండితులు

మళ్ళీ కడపకు వచ్చినప్పుడు బ్రౌన్ అక్కడ ఒక బంగళా, తోట కొన్నారు. పండితులను, లేఖకులను పిలిపించి, సొంత జీతంలోంచి వారికి నెలజీతాలిచ్చి ఆ బంగళాలో కూర్చోబెట్టారు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవారు. పరీక్షలూ పట్టాలూ లేని కాలేజీ అది. అక్కడ జరిగేది ఒకటే పని. ఒక కావ్యానికి సంబంధించి ఎన్ని ప్రతులు దొరికితే అన్నీ దూర ప్రాంతాల నుంచి కూడా తెప్పించాలి. వాటిని పక్కపక్కన పెట్టి చదవాలి. తేడాలు గుర్తించాలి. చర్చించి, తప్పులు దిద్ది, కాగితం మీద శుద్ధప్రతి రాయాలి. ఆ పైన టీక, పదాల పట్టిక తయారుచేయాలి. అప్పుడు గట్టిగా బైండు చేయించి భద్రపరచాలి.

మా వంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఈ పద్ధతి వింటే ఒళ్ళు పులకరిస్తుంది. ఒకే ప్రోగ్రాము మీద పదిమంది పనిచేసినప్పుడు, ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టుకుని, అన్నిటినీ కలిపి ఒక మంచి వెర్షన్ తేల్చడం మా రోజువారీ పని. దానికి మాకు కంప్యూటర్లు తోడున్నాయి. ఆ బంగళాలో ఉన్నవి నూనె దీపాలు, కలం, సిరా, పండితుల జ్ఞాపకశక్తి.

ఇక్కడ ఒక మాట తప్పక చెప్పుకోవాలి. ఈ పని బ్రౌన్ ఒక్కరిదే అనుకుంటే పొరపాటు. ఏ పాఠం సరైనదో చెప్పగలిగినవారు ఆ పండితులే. మనుచరిత్రకు జూలూరి అప్పయ్యగారు రాసిన వ్యాఖ్య 1851లో అచ్చయిందంటే, అందులో పాండిత్యం అప్పయ్యగారిది, పట్టుదల బ్రౌన్‌ది. చాలామంది లేఖకుల పేర్లు మనకు తెలియవు. బ్రౌన్ కూడా దేవుడేం కాదు. ఆయన కంపెనీ కొలువులో ఉన్న అధికారి, ఆ కొలువు పన్నులు వసూలు చేసే కొలువే. మతప్రచారకులకు తెలుగు నేర్పడం కూడా ఆయన ఉద్దేశాల్లో ఒకటి. పండితులతో అభిప్రాయభేదాలు వచ్చేవి, పై అధికారులతో తగవులు వచ్చేవి. అయినా చేతిలో ఉన్న పని మాత్రం ఆగలేదు.

ఆ పనికి డబ్బు బాగా ఖర్చయ్యేది. ప్రతులు కొనడం, ఎత్తి రాయించడం, జీతాలు, కాగితం అన్నీ ఆయన చేతి నుంచే. జీతం చాలక అప్పులు చేశారు, వడ్డీలు కట్టారు. కడపలోనూ మచిలీపట్నంలోనూ పిల్లల కోసం బడులు పెట్టించి, వాటికీ తానే ఖర్చు పెట్టారు. పెళ్ళి చేసుకోలేదు. సంపాదించినదంతా ఇలా తాటాకుల్లోకి పోయింది.

కరువు, బదిలీ, లండన్

ప్రశాంతమైన గదిలో తీరిగ్గా కూర్చుని ఇవన్నీ చేశారనుకోకండి. తరచూ బదిలీలు. కచేరీ పని, కోర్టు పని పగలంతా ఉండేది. 1832, 33 సంవత్సరాల్లో గుంటూరు ప్రాంతాన్ని ఘోరమైన కరువు పట్టింది. అది నందన నామ సంవత్సరం కనుక నందన కరువు అని పెద్దలు చెప్పుకునేవారు. లెక్కలేనంతమంది తిండి లేక చనిపోయారు, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. పైవారు నివేదికల్లో కొరత అన్న మెత్తటి మాట కోరుకుంటే, బ్రౌన్ కరువు అన్న మాటే రాశారని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. మాటకు సరైన అర్థం ఏమిటని జీవితమంతా వెతికిన మనిషి, మాట మార్చితే ఆకలి కనిపించకుండా పోతుందని గ్రహించే ఉంటారు.

1830ల మధ్యలో ఆయన కొన్నేళ్ళు ఇంగ్లండులో ఉండవలసి వచ్చింది. కొలువు విషయంలో చిక్కులు, మీద అప్పులు. మరొకరైతే తెలుగును అంతటితో మరచిపోయేవారు. బ్రౌన్ లండన్‌లోని కంపెనీవారి ఇండియా హౌస్ గ్రంథాలయానికి వెళ్ళారు. అక్కడ దక్షిణ భారత భాషల లిఖిత గ్రంథాలు రెండు వేలకు పైగా, చదివే దిక్కు లేకుండా పడి ఉన్నాయి.   ఎంతో శ్రమపడి పోగుచేసినది సముద్రం దాటి వచ్చి ఇక్కడ ఎవరికీ అక్కరకు రాకుండా పోయింది. బ్రౌన్ అధికారులను ఒప్పించి వాటిని తిరిగి మద్రాసుకు పంపించే ఏర్పాటు చేశారు. చదవగలిగినవారు ఉన్నచోటే గ్రంథాలు ఉండాలన్నది ఆయన పట్టు.

ఈ సంగతి చదివినప్పుడు మాకు మా ఫోల్డరు గుర్తొచ్చింది. అందులో ఉన్నవి కూడా ఎవరో ఎక్కడో కష్టపడి తయారుచేసినవే. చదివేవారి చేతికి అందకపోతే ఆ కష్టమంతా ఇండియా హౌస్ అటకెక్కినట్టే కదా!

నిఘంటువు

1838 నాటికి బ్రౌన్ మద్రాసు తిరిగి వచ్చారు. ప్రభుత్వానికి పారశీక అనువాదకులుగా, తర్వాత తెలుగు అనువాదకులుగా, పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా పనిచేశారు. విద్యకు, గ్రంథాలయాలకు సంబంధించిన సంఘాల్లోనూ బాధ్యతలు చూశారు. 1840లో ఆయన తెలుగు వ్యాకరణం వెలువడింది. తాను కూడబెట్టిన గ్రంథరాశిని మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశారు. అవి తర్వాత మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి చేరి, తరతరాల పరిశోధకులకు ఆధారమయ్యాయి.

ఇంత కాలమూ ఒక్కో ప్రతి చదివినప్పుడల్లా, ఒక్కో అర్జీ విన్నప్పుడల్లా ఆయన మాటలు రాసుకుంటూనే ఉన్నారు. మాట, దాని అర్థం, కవులు దాన్ని ఎలా వాడారు, మామూలు జనం ఎలా వాడుతున్నారు అన్నవి పక్కపక్కన చేర్చారు. కావ్యాల్లో ఉంటేనే మాట, లేకపోతే కాదు అన్న కాలం అది. బజారులో, పొలంలో, కచేరీలో వినిపించే మాటలకు నిఘంటువులో చోటివ్వడం ఆనాటి పండితుల్లో కొందరికి నచ్చలేదు. బ్రౌన్ మాత్రం రెండింటినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టారు. 1852లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులోని వేపేరిలో అచ్చయి వచ్చింది. వెయ్యి పేజీలు దాటిన గ్రంథం అది. దాని వెంటే ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు వచ్చింది. 1854లో, తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాల కోసం మిశ్రభాషా నిఘంటువు అని ఇంకొకటి వచ్చింది. కచేరీ, దస్తావేజు, జమాబందీ లాంటి మాటలు తెలియకపోతే ఒక రైతు అర్జీ అర్థం కాదన్న సంగతి ఆయనకు కడపలోనే తెలుసు.

1820లో కడప చేరిన కుర్రవాడికి 1852 నాటికి యాభై మూడేళ్ళు వచ్చాయి. ముప్ఫై రెండేళ్ళ పని. ఆయన కవి కాడు, కథకుడు కాడు. సొంతంగా ఒక్క కావ్యం రాయలేదు. అయినా ఆ నిఘంటువును ఒక సృష్టి అనకుండా ఉండలేం. దానిలో ఉన్న ప్రతి మాటా అంతకు ముందే ఉంది, కానీ అవన్నీ ఎవరైనా వచ్చి చేయి పెడితే దొరికేలా ఒక వరసలో ఉండటం అంతకు ముందు లేదు. ఆ వరసను బ్రౌన్ సృష్టించారు.

చివరి రోజులు

ఆరోగ్యం బాగోలేక బ్రౌన్ 1855లో భారతదేశం విడిచి లండన్ చేరారు. మళ్ళీ వెనక్కి రాలేదు. అక్కడా తెలుగు ఆయన్ను వదల్లేదు. తన నిఘంటువుకు దిద్దుబాట్లు చేసుకుంటూ, కొత్త మాటలు చేర్చుకుంటూ గడిపారు. 1865లో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు. మరుసటి ఏడు తన సాహిత్య జీవితం గురించి ఒక చిన్న పుస్తకం అచ్చువేయించారు. లండన్‌లో కూర్చుని తెలుగు పాఠం చెప్పినవారిలో మనకన్నా నూట యాభై ఏళ్ళు ముందున్న పంతులుగారు ఆయన అని తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ తరగతికి ఎంతమంది వచ్చారని మా పై తరగతి పిల్లవాడు అడిగాడు. మన పై తరగతి కన్నా ఎక్కువ ఉండి ఉండరులే అని నవ్వుకున్నాం.

1884 డిసెంబరు 12న, ఎనభై ఆరేళ్ళ వయసులో బ్రౌన్ లండన్‌లో కన్నుమూశారు.

ఆయన పని మాత్రం ఆగలేదు. 1903లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు, మరి ఇద్దరు పండితులు కలిసి నిఘంటువును సవరించి మళ్ళీ అచ్చువేయించారు. ఇరవయ్యో శతాబ్దంలో కొత్తపల్లి వీరభద్రరావుగారు బ్రౌన్ సేవ మీద పరిశోధన చేశారు. బంగోరె అన్న పేరుతో ప్రసిద్ధులైన బండి గోపాలరెడ్డిగారు బ్రౌన్ జాబులను వెలికితీశారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోటు శిథిలమై పోతుంటే, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి, చందాలు పోగుచేసి, అక్కడే బ్రౌన్ పేరిట గ్రంథాలయం నిలబెట్టారు. తర్వాత అది యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో భాషా పరిశోధన కేంద్రమయింది. వేమన కోసం వెతికిన మనిషి పేరిట ఉన్న గ్రంథాలయం, వేమన పేరిట ఉన్న విశ్వవిద్యాలయం చేతికి రావడం ఎంత చక్కగా కుదిరిందో చూడండి. 1903 నాటి నిఘంటువును చికాగో విశ్వవిద్యాలయం వారు ఇంటర్నెట్‌లో పెట్టారు. మేము ఆఫీసులో భోజనవేళ కూడా అందులో మాటలు వెతుక్కోగలుగుతున్నాం.

మా మాటల పుస్తకం

కెన్సల్ గ్రీన్ నుంచి తిరిగి వస్తూ రైల్లో వాలంటీర్లం ఒక నిర్ణయం తీసుకున్నాం. ఫోల్డరులో ఒక్కో స్థాయికి ఒకే పాఠ్య పుస్తకం, ఒకే పద్యాల ప్రతి ఉంచాలి. మిగిలినవన్నీ ఒక పాత పెట్టెలోకి పోవాలి. వేమన పద్యాలను మూడు ప్రతులతో పోల్చి, ఇరవై అయిదు ఎంచుకున్నాం. దానికి మాకు నాలుగు నెలలు పట్టింది. ఏ పాఠం ఉంచాలా అని వాదించుకోని శనివారం రాత్రి లేదు. బ్రౌన్ బంగళాలో గొడవలు ఎందుకయ్యేవో అప్పుడు బాగా అర్థమయింది.

పిల్లలకు ఇంకో పని పెట్టాం. వారానికి ఒకసారి ఊళ్ళో ఉన్న అమ్మమ్మకో, తాతయ్యకో, నాయనమ్మకో ఫోను చేసి, బడి పుస్తకంలో లేని ఒక్క మాట అడగాలి. ఆ మాట, దాని అర్థం, ఏ ఊరివారు అంటారు, ఏ సందర్భంలో అంటారు అన్నవి నోటు పుస్తకంలో రాయాలి. ఒక పిల్లవాడు తరవాణి అని రాసుకొచ్చాడు. ఇంకొక అమ్మాయి చేద అని తెచ్చింది, నూతిలోంచి నీళ్ళు తోడేది. ఒకరింట్లో మజ్జిగ అంటే ఇంకొకరింట్లో సల్ల అన్నారు. ఏది కరెక్టు అని ఇద్దరు పిల్లలు పోట్లాడుకున్నారు. రెండూ రాయండి, పక్కన ఊరి పేరు రాయండి అన్నాం. ఏడాది తిరిగేసరికి 212 మాటలయ్యాయి. కొన్ని బ్రౌన్ నిఘంటువులో దొరికాయి, కొన్ని దొరకలేదు. దొరకనివి చూసి పిల్లలు ఎక్కువ సంతోషించారు.

మమ్మల్ని ప్రశ్న వేసిన ఆ పదేళ్ళ అమ్మాయి ఒక ఆదివారం దాలి అన్న మాట తెచ్చింది. పిడకల నిప్పు మీద పాలు నెమ్మదిగా కాచే గుంట అది. వాళ్ళ నాయనమ్మ ఆ గుంట ఎలా ఉండేదో, సాయంత్రానికి పాల మీద మీగడ ఏ రంగులో కట్టేదో అరగంట చెప్పిందట. ఫోనులో ఆ మాట పెడితే పప్పు గురించి ఏదో వచ్చిందని నవ్వింది. తన పాత ప్రశ్న మళ్ళీ అడగలేదు, మేమూ గుర్తుచేయలేదు. పై తరగతి ఈ ఏడూ నడుస్తోంది.

ఈ సంచిక వెనక పేజీల్లో పిల్లల మాటల పుస్తకం నుంచి నలభై మాటలు వేశాం. తప్పులుంటే దిద్దండి, మీ ఊళ్ళో వేరుగా అంటే ఆ మాట కూడా రాసి పంపండి. ఈ వేసవిలో ఊరు వెళ్ళేవారు పెద్దవాళ్ళ పక్కన ఒక పూట కూర్చుని, పదంటే పది మాటలు రాసుకుని రండి. వచ్చే ఏడు సంచికలో వాటిని చేరుద్దాం.


బడి వాలంటీర్లు